ఐదుగురు పిల్లలు, రెండు బెడ్‌రూములు, ఒక నాన్న

జిమ్ గాఫిగన్ అమెరికాలో పేరున్న స్టాండప్ కమెడియన్. బూతు జోలికి పోకుండా నవ్విస్తాడని అక్కడ ఆయనకు పేరు. 2013లో ‘డాడ్ ఈజ్ ఫ్యాట్’ అని ఒక పుస్తకం రాశాడు. అప్పటికే ఆయనకు ఐదుగురు పిల్లలు. న్యూయార్క్ నడిబొడ్డున, మన్‌హాటన్‌లో, రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో భార్య జీనీతో, ఆ ఐదుగురితో కాపురం. అప్పుడప్పుడే రాయడం నేర్చుకుంటున్న కొడుకు మొదటిసారి రాసిన పూర్తి వాక్యం ‘నాన్న లావుగా ఉన్నాడు’. తండ్రి ఆ వాక్యాన్నే పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. ఆయన ఎలాంటి తండ్రో ఈ ఒక్క పనితోనే తెలిసిపోతుంది.

నేను నల్లగొండలో ఉంటాను. దగ్గర్లోని ఊళ్లో సర్కారు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తాను. ముగ్గురు ఆడపిల్లల తండ్రిని. ఈ పుస్తకం హైదరాబాద్‌లో, ఆబిడ్స్ రోడ్డు పక్కన ఆదివారం పాత పుస్తకాలు పరిచే చోట 120 రూపాయలకు దొరికింది. పేరు చూసి తీసుకున్నాను. చదివాక మాత్రం తండ్రులందరి చేతా చదివించాలనిపించింది. నాకు తెలిసిన తండ్రుల్లో ఎక్కువమంది పిల్లల కోసం ప్రాణం పెడతారు గానీ, పిల్లల ముందు నవ్వడానికి మాత్రం జంకుతారు. నవ్వితే భయం పోతుందని, భయం పోతే చెప్పిన మాట వినరని గట్టి నమ్మకం. ‘ఆగు, మీ నాయిన రానీ’ అనే బెదిరింపు లేని ఇల్లు మా వైపు తక్కువ. ఈ పుస్తకంలోని తండ్రి పేరు చెప్పి పిల్లల్ని ఎవరూ బెదిరించలేరు. అయినా ఆ ఇల్లు నడుస్తూనే ఉంటుంది.

పుస్తకమంతా చిన్న చిన్న అధ్యాయాలు. కొన్ని రెండు మూడు పేజీల్లో అయిపోతాయి. పడుకోబెట్టడం, తినిపించడం, హోటల్‌కు తీసుకెళ్లడం, పార్కుకు తీసుకెళ్లడం, చర్చికి తీసుకెళ్లడం. వరుసగా చదవాల్సిన కథేమీ లేదు. బస్సు దిగాల్సిన స్టేజీ వచ్చేలోపు ఒకటి పూర్తవుతుంది. పిల్లలున్నవాళ్లు చదవగలిగింది అట్లాంటి పుస్తకమే.

అన్నిట్లోకీ బాగున్నవి పిల్లల్ని పడుకోబెట్టడం మీద రాసినవి. ఒకరిని నిద్రపుచ్చేసరికి ఇంకొకరు లేస్తారు. లేచినవాళ్లు పడుకున్నవాళ్లను లేపుతారు. అర్ధరాత్రి దాటాక ఒక్కొక్కరే వచ్చి అమ్మానాన్నల మంచంలో దూరుతారు. తెల్లారేసరికి తల్లిదండ్రులకు ఒక అంచు మాత్రమే మిగులుతుంది. రెండు బెడ్‌రూములకు ఏడుగురా అని అమెరికా పాఠకులు ముక్కున వేలేసుకుంటారేమో. మన దగ్గర రెండు గదుల్లో ఏడుగురు అంటే అదొక విశేషమే కాదు. మంచానికొకరు, గదికొకరు అనే లెక్క మనకు మొన్నమొన్నటి దాకా లేదు. అయినా ఆ పేజీలు నాకు పరాయిగా అనిపించలేదు. ఎందుకంటే ఆయన గదుల కొరత గురించి కాదు, నిద్ర రాని పిల్లల తెలివితేటల గురించి రాశాడు. అవి మన్‌హాటన్‌లో ఎన్నో, నల్లగొండలోనూ అన్నే.

మా ఇంట్లో హాల్లో పరుపులు పరుస్తాం. ఐదుగురం ఒకే వరస. అమ్మ పక్కన చిన్నది, ఫ్యాన్ కింద నడిపిది, గోడ వైపు పెద్దది. ఈ ఒప్పందం రోజూ లైట్ ఆర్పేముందు కొత్తగా జరగాల్సిందే. లైట్ ఆరగానే చిన్నది ‘డాడీ, పాస్ వస్తుంది’ అంటుంది. ఒకరు లేస్తే ముగ్గురూ లేస్తారు. వచ్చాక నీళ్లు. నీళ్లు తాగాక మళ్లీ పాస్. ఆ తర్వాత నడిపిదానికి రేపు యూనిఫామ్ డేనా, కలర్ డ్రెస్సా అనే అనుమానం. అంతా సద్దుమణిగి, వాళ్లమ్మకు కన్నంటుకునే టైమ్‌లో పెద్దది చీకట్లోంచి మెల్లగా అడుగుతుంది: ‘డాడీ, రేపు సైన్స్ మేడమ్‌కు చార్ట్ ఇయ్యాలె. చార్ట్ తెచ్చినవా?’ రాత్రి పదిన్నరకు. చార్ట్ సంగతి నాకు చెప్పింది అదే మొదటిసారి. ఆ టైమ్‌కు ప్రకాశం బజార్‌లో ఏ షాపు తెరిచి ఉంటుంది?

ఇదే సందర్భం గాఫిగన్ చేతిలో పడితే ఆయన పిల్లను తిట్టడు. పిల్లల దగ్గర తన వయసు, తన అనుభవం ఎందుకూ పనికిరాకుండా పోయే ఆ క్షణాన్ని నిదానంగా, ముచ్చటగా వర్ణిస్తాడు. ఓడిపోయింది తానేనని ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నందుకు ఆయన చిన్నవాడైపోలేదు. ఆ పేజీలు నేను మా పిల్లలకు తెలుగులో చెప్పి వినిపించాను. ‘ఆ అంకుల్ పిల్లలు కూడా నీళ్లు అడుగుతరా?’ అని చిన్నది. పెద్దది మాత్రం ఇంకోటి చెప్పు, ఇంకోటి చెప్పు అని ఆ రాత్రి ఎవరినీ పడుకోనివ్వలేదు.

ఈ పుస్తకం నన్ను ఇంతగా పట్టుకోవడానికి ఇంకో కారణం మా నాయిన. మాది చండూరు వైపు చేనేత కుటుంబం. మగ్గం మీద పూట గడవక మా నాయిన మహారాష్ట్రలోని భివండీ పోయాడు. ఆ రోజుల్లో మా ఊరి నుంచి పోయినవాళ్లు వీధికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు. పవర్‌లూమ్‌లో 12 గంటల షిఫ్టు. రాత్రి షిఫ్టు పడితే పగలు నిద్ర. బతుకమ్మకు వచ్చేవాడు, దసరా అయిపోయాక వెళ్లిపోయేవాడు. సంచిలో ఖారీ బిస్కెట్లు, మాకు తలో జత బట్టలు. ఆయన ఇంట్లో ఉన్న నాలుగు రోజులు మేం గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. ఆయన కోపిష్టి అని కాదు, పరిచయం చాలక. మగ్గాల చప్పుడులో ఏళ్లు గడిపి ఆయనకు చెవులు మందగించాయి. మేం మెల్లగా చెప్పింది ఆయనకు వినపడేది కాదు, గట్టిగా చెప్పే చనువు మాకు లేదు.

గాఫిగన్‌దీ ఇల్లు విడిచి తిరిగే వృత్తే. స్టాండప్ అంటే రాత్రుళ్లు పని, ఊరూరా షోలు. కానీ ఆయన వీలైనప్పుడల్లా పెళ్లాం బిడ్డల్ని బస్సులో వెంటేసుకుని టూర్‌కు పోతాడు. పగలు ఇంట్లో ఉంటాడు. అందుకే ఏ పిల్లకు ఏ కూర వద్దో, ఏ పిల్లాడు ఏ సాకు చెప్తాడో ఆయనకు తెలుసు. ఈ పుస్తకంలోని హాస్యం మొత్తం ఆ తెలియడం లోంచి వచ్చింది. పిల్లల దగ్గర లేని తండ్రికి పిల్లల మీద జోకు వెయ్యడం రాదు. మా నాయినకు ఆ అవకాశం కూలి మిగల్చలేదు. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట మట్టి పనికి దేశమంతా తిరిగిన తండ్రులకూ మిగల్చలేదు. ఇంట్లో ఉండి పిల్లలతో విసిగిపోవడం కూడా ఒక భాగ్యమేనని నాకు ఈ పుస్తకం చదువుతుంటే బలంగా అనిపించింది. ఇప్పుడు మా నాయిన మా దగ్గరే ఉంటాడు. ముగ్గురు మనవరాళ్లు ఆయన మిషన్‌ను, అదే చెవి మిషన్‌ను, తీసి దాచిపెడతారు. ఆయన వెతికినట్టు నటిస్తాడు. నేను చిన్నప్పుడు చూడని మనిషిని ఇప్పుడు చూస్తున్నాను.

కాన్పుల గురించి ఒక అధ్యాయం ఉంది. గాఫిగన్ ఐదుగురు పిల్లలూ ఇంట్లోనే పుట్టారు. శిక్షణ ఉన్న మంత్రసానిని పెట్టుకుని, భార్య కావాలని ఎంచుకున్న పద్ధతి అది. ఆమె ధైర్యాన్ని ఆయన నోరారా పొగుడుతాడు. రాసిన తీరు చాలా బాగుంది. అయితే ఇది చదివి ఎవరూ ఇక్కడ ప్రయోగాలు చెయ్యొద్దు. నేనూ మా ఊళ్లో ఇంట్లోనే పుట్టాను. అప్పుడు వేరే దారి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అందుకోసం ఆశా వర్కర్లు ఎంత తిరిగారో ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు. మా చిన్నది పుట్టింది సర్కారు దవాఖానలోనే, అక్కడ కాన్పయితే డబ్బు, బిడ్డకు కావాల్సిన సామాను ఇచ్చే కేసీఆర్ కిట్ పథకం మొదలైన తర్వాత. ఆ పథకంలో ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలు, మగపిల్లాడైతే 12,000 ఇచ్చేవాళ్లు. ఆ కిట్‌లో వచ్చిన దోమతెర మా ఇంట్లో ఇప్పటికీ పనిచేస్తోంది. అదే సర్వేలో ఇంకో లెక్క కూడా ఉంది. మన రాష్ట్రంలో నూటికి 60కి పైగా ఆపరేషన్ కాన్పులే. దవాఖానకు పోవడం వేరు, ప్రతి కడుపూ కొయ్యడం వేరు. ఈ విషయం మీద మాత్రం గాఫిగన్ భార్య పట్టుదల గురించి విని మా ఇంటామె చాలాసేపు మాట్లాడింది.

ఐదుగురు పిల్లలతో మన్‌హాటన్ వీధిలో నడుస్తుంటే జనం ఎట్లా చూస్తారో, ఏమేం అడుగుతారో గాఫిగన్ రాసింది నేను పదే పదే చదివాను. మా స్కూల్ ఉన్న ఊళ్లో నన్నూ అడుగుతారు. ‘ముగ్గురా సార్? కొడుకు కోసం చూసిన్రా?’ ఇది బస్టాండ్‌లో, పెళ్లిళ్లలో, కిరాణా కొట్టు దగ్గర, పిల్లలు పక్కనే ఉండగా అడిగే ప్రశ్న. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచ్‌గా, ఎంపీటీసీగా నిలబడొద్దనే నిబంధన ఉమ్మడి రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టంతో వచ్చి, 1995 మే 31 తర్వాత పుట్టిన పిల్లలకు వర్తించింది. అది ఊళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, మూడో బిడ్డ పుట్టిందని చెప్పగానే ఒక పెద్దమనిషి ‘అయ్యో, సర్పంచ్ సీటు పాయె సార్’ అన్నాడు. సర్కారు నౌకరీ చేసేవాడు ఎలాగూ పోటీ చెయ్యలేడన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

సర్పంచ్ మాటకు నవ్వొచ్చింది. కొడుకు మాటకు రాదు. అది విన్నప్పుడల్లా పిల్లల మొహం వైపు చూస్తాను. పెద్దదానికి అర్థమయ్యే వయసు వచ్చింది. గాఫిగన్ దగ్గర నేను నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది. జనం అడిగే ప్రశ్నకు ఆయన సంజాయిషీ ఇచ్చుకోడు, కొట్లాటకూ దిగడు. పిల్లలంటే తనకున్న మురిపెం దాచుకోకుండా, తనకెంత మంది ఉన్నారో, ఎవరెవరు ఏమేం చేస్తారో చెప్పుకుంటూ పోతాడు. ఇప్పుడు నన్నెవరైనా కొడుకు కోసమా అని అడిగితే, ‘లేదు, చెస్ ఆడటానికి ఇద్దరు సరిపోయిన్రు, అంపైర్ లేక మూడోదాన్ని కన్నం’ అంటాను. చిన్నది వెంటనే ‘నేనే అంపైర్’ అని చెయ్యెత్తుతుంది. అడిగినవాళ్లు నవ్వుతారు, ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

చర్చికి పోయే అధ్యాయం గురించి కూడా చెప్పాలి. వాళ్లది క్యాథలిక్ కుటుంబం. ఐదుగురిని నిశ్శబ్దంగా కూర్చోబెట్టడానికి ఆ తల్లిదండ్రులు పడే పాట్లు చదువుతుంటే నాకు చెర్వుగట్టు గుర్తొచ్చింది. అమావాస్యకు గట్టు మీద జడల రామలింగేశ్వరుడి దర్శనం క్యూలో ముగ్గురు పిల్లలతో నిలబడినవాళ్లకు ఆ అధ్యాయానికి అర్థతాత్పర్యాలు అక్కర్లేదు.

ఇక నచ్చనివి. తాను లావు, తాను బద్ధకస్తుడు, తనకు తిండి యావ అనే మాట ఆయన స్టేజీ మీద బాగా నవ్వు పుట్టించే మాటే. పుస్తకంలో అది మరీ ఎక్కువసార్లు వస్తుంది. స్టేజీ మీద మనిషి మొహం, గొంతు, మధ్యలో ఆపే తీరు ఉంటాయి. కాగితం మీద అవేవీ ఉండవు కదా. సగం దాటాక కొన్ని అధ్యాయాలు షోలో మిగిలిపోయిన జోకులు తెచ్చి అతికించినట్టు ఉన్నాయి. అమెరికా టీవీ ప్రోగ్రాముల పేర్లు, అక్కడి ప్యాకెట్ తిండి పేర్లు వచ్చినచోట మనకు నవ్వు అందదు. అట్లాంటివి వస్తే నేను పేజీ తిప్పేశాను. పోయిందేమీ లేదు.

ఇంకొకటి మా ఇంటామె పట్టుకుంది. ఆమె ఇంగ్లిష్ పుస్తకాలు చదవదు, నేను చెప్తుంటే వింటుంది. కొంత విని, ‘ఆయన గిట్ల జోకులు రాస్కుంట కూసుంటే అవతల పిల్లలకు అన్నం పెట్టింది ఎవరు?’ అని అడిగింది. సరైన ప్రశ్న. గాఫిగన్ దాన్ని దాచలేదనే చెప్పాలి. ఇల్లు నడిపేది జీనీయే అని పుస్తకంలో చాలాచోట్ల రాశాడు. ఆయన హాస్యం రాయడంలో కూడా ఆమె భాగస్వామి. కానీ ఆమె గొంతు మనకు ఆయన పొగడ్తల్లోంచే వినపడుతుంది. ఒక్క అధ్యాయం ఆమె చేత రాయించి ఉంటే పుస్తకం బరువే వేరుగా ఉండేది. తర్వాత 2017లో జీనీకి మెదడులో పెద్ద కణితి బయటపడింది. ఆపరేషన్ అయ్యి కోలుకుంది. 2019లో ఆ అనుభవం మీద ఆమె సొంతంగా పుస్తకం రాసింది. ఈ సంగతి తెలిశాక ‘డాడ్ ఈజ్ ఫ్యాట్’లో ఆమె గురించి ఉన్న పేరాలు మళ్లీ తీసి చదివాను. మొదటిసారి మర్యాద కోసం రాసినట్టు అనిపించిన మాటలు రెండోసారి అట్లా అనిపించలేదు. మా ఇంటామెకు చెప్తే, ‘ఆమె పుస్తకం తే, ముందు అది చెప్పు’ అంది.

భాష గురించి టీచర్‌గా ఒక మాట. వాక్యాలు చిన్నవి, మాటలు మామూలువి. డిగ్రీ చదివినవాళ్లకు డిక్షనరీ అవసరం పెద్దగా రాదు. టెన్త్‌లో కాస్త చదివే పిల్లలకు కొన్ని పేజీలు ఇవ్వొచ్చు. నేను ఇచ్చాను కూడా. ‘మై ఫాదర్’ అనే వ్యాసం ఏ స్కూల్లోనైనా ఒకేలా ఉంటుంది. మై ఫాదర్ ఈజ్ ఏ ఫార్మర్, హీ వర్క్స్ హార్డ్, ఐ లవ్ మై ఫాదర్. గైడ్‌లోంచి దిగినవే, ఎవరి నాన్న ఎవరో తెలియదు. ఈ పుస్తకం పేరు వెనకున్న కథ తొమ్మిదో తరగతికి చెప్పి, మీ నాన్న గురించి మీకు నవ్వొచ్చే సంగతి ఒక్క వాక్యం రాయండి, తెలుగైనా సరే అన్నాను. మొదట ఎవరూ పెన్ను ముట్టలేదు. నాన్న మీద నవ్వొచ్చా సార్ అని ఒకడు అడిగాడు. నవ్వొచ్చని చెప్పాక కాగితాలు వచ్చాయి. ‘మా బాపు ఫోన్ల హలో అంటే మూడిండ్ల అవతలికి వినపడతది.’ ‘మా డాడీ టీవీ ముందల గురక పెడతడు, టీవీ బంద్ చేస్తే నేను చూస్తున్న కదా అంటడు.’ ‘మా నాయిన బర్రెతోని మస్తు ముచ్చట పెడతడు, మాతోని పెట్టడు.’ ఈ మూడోది రాసిన అమ్మాయి వాళ్ల నాయిన తర్వాత స్కూల్‌కు వచ్చినప్పుడు, ఆమె అనుమతి అడిగి, ఆ కాగితం ఆయనకు చూపించాను. చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వి, ‘బర్రె ఎదురు మాట్లాడదు సార్’ అన్నాడు. బిడ్డ కూడా నవ్వింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

కొనదలచుకున్నవాళ్లకు: కొత్తది ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోవచ్చు. పాతది దొరికితే ఇంకా నయం. వినే అలవాటు ఉంటే ఆడియో పుస్తకమే తీసుకోండి. గాఫిగన్ స్వయంగా చదివాడు. కాగితం మీద చప్పగా అనిపించిన జోకులు ఆయన గొంతులో నిలబడ్డాయి. స్కూల్‌కు పోయే ఆర్టీసీ బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ నేను పైకే నవ్వాను. నా కాపీ ప్రస్తుతం స్టాఫ్‌రూమ్‌లో చేతులు మారుతోంది. ఈ మధ్యే కవలలు పుట్టిన లెక్కల సార్ దగ్గరుంది. ఆయన రాత్రుళ్లు మేలుకునే ఉంటున్నాడు కాబట్టి తొందరగానే అయిపోతుంది. ఆ తర్వాత ఎవరికి కావాలో చెప్పండి.